హనుమన్న చెప్పని మాట

వెంకటలక్ష్మి ఆదోనిలో ముప్పయ్యేళ్లుగా పత్తి కొంటోంది. మోకాళ్లు మొరాయించడంతో ఈ ఏడాది కొనుగోలు పని అన్న కొడుకు అమర్‌నాథ్‌కు అప్పగించాలనుకుంది. అతనికి చేతనవునో కాదో తేల్చుకోవడానికి ఆ రోజు మార్కెట్ యార్డుకు వచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చుంది.

దేవనకొండ నుంచి వచ్చిన పత్తి మూటలను హమాలీ హనుమన్న దింపుతున్నాడు. ఒకటి దింపి, తువ్వాలుతో వీపు తుడుచుకుంటూ ఏదో చెప్పబోయాడు.

"రేయ్, మోసేది మోయి. పత్తి సూసేదానికి నేనుండా," అన్నాడు అమర్‌నాథ్.

హనుమన్నది అతని తండ్రి వయసు. "సరే సామీ," అని పక్కకు జరిగాడు.

అమర్‌నాథ్ పైపైన దూది లాగి చూశాడు. తెల్లగా, పొడుగు పింజ. "అత్తా, బంగారమే. చీటీ రాసినా, ఏసేదా?" అన్నాడు. ధర రాసిన చీటీ టెండరు డబ్బాలో పడిందంటే ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు.

వెంకటలక్ష్మి పత్తి వైపు చూడలేదు. ఇన్నేళ్లలో హనుమన్న మూట దింపి, దాని గురించి ఒక్క మాటైనా అనకుండా పోయింది లేదు. ఆమె లెక్క ఒకటే. వ్యాపారి కంటికి దొరికేది పైపొర, లోపలిది మోసిన వీపుకే తెలుస్తుంది. ఆ వీపుకు కూలి ఇచ్చేది మోసినందుకు మాత్రమే. చెప్పడమన్నది మర్యాదను బట్టి.

"హనుమన్నను అడిగినావా?"

"హమాలీని నేనడగాల్నా?"

"నేనడిగితే ఇప్పుడే సెప్తాడు. రేపు నేనుండను గదప్పా."

అమర్‌నాథ్ మూతి ముడుచుకుని వెళ్లాడు. "ఎట్లుంది మూట?"

"నన్నడుగుతావేం సామీ? సూసేదానికి నువ్వుండావు గదా," అన్నాడు హనుమన్న వక్కాకు నములుతూ. చుట్టూ ఉన్న హమాలీలు పగలబడి నవ్వారు.

అమర్‌నాథ్ చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి చూశాడు. అత్త కుర్చీలోంచి కదల్లేదు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని అతనికి అర్థమైంది.

"తప్పయిందన్నా. నువ్వు సెప్పబోతాంటే నేనే నోరు మూయించినా."

హనుమన్న అతన్ని ఎగాదిగా చూశాడు. మూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు పత్తి తీసి అతని అరచేతిలో పెట్టాడు. చల్లగా, ముద్దగా ఉంది.

"తూకం పెరగాలని నడుమ నీళ్లు సల్లినారప్పా. ఎత్తుకున్నప్పుడే వీపుకు తెలిసిపాయ."

అమర్‌నాథ్ చీటీ చించేశాడు. హనుమన్న వెంటే తర్వాతి బండి దగ్గరికి నడిచాడు. "అన్నా, దీన్ని దింపి ఎట్లుందో సెప్పు. ఆమీటనే చీటీ రాస్తా."

వెంకటలక్ష్మి లేచి ఆటో నాగేష్‌ను కేకేసింది. "ఇంటికి పోదాం పదప్పా. నాకింక ఈడ పనిలేదు."