మంచం పక్కన చాట

రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మార్కండేయులు గడప బయటే చొక్కా విప్పి, అంటుకున్న నూలు పీచు దులిపి దండెం మీద వేశాడు. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాడు. భార్య భూమవ్వ పెట్టిన ఉప్మా తిని, చాయ తాగి, లోపలి గదిలో మంచం మీద కూర్చున్నాడు. ఊరంతా పనిలోకి పోయే వేళకు ఆయన నిద్రకు పోతాడు. పెళ్లి కాకముందు నుంచీ ఇదే వరస. సిరిసిల్లలో రాత్రిపూట సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లకు పొద్దు పొడిస్తేనే పడక.

పొట్టి మనిషి. మెడ లావు, పొట్ట కొంచెం ముందుకు. కళ్ల కింద ఉబ్బు. సాంచాల మోతకు చెవులు సగం మొద్దుబారి, ఇంట్లో మాట్లాడినా బజార్లో పిలిచినట్టే మాట్లాడతాడు. ఆయన గురించి ఎవరైనా పనిగట్టుకొని చెప్పాల్సింది ఏమీ లేదు. గుడ్డ నేశాడు, బిడ్డ పెళ్లి చేశాడు, గుడ్డ నేస్తున్నాడు.

తలగడ పక్కన స్టీలు స్టూలు మీద టిఫిన్ డబ్బా అంత మిషిన్ ఒకటుంది. దానికో గొట్టం, గొట్టం కొసకు ముక్కు మీద పెట్టుకునే మాస్కు. నిద్రలో మార్కండేయులు గొంతు మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, మళ్లీ గుర్రుమని లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఈ మిషిన్ గాలి ఊదుతూ గొంతు మూసుకోకుండా చూస్తుంది. యముణ్ణి తప్పించుకున్న వాడి పేరు పెట్టుకొని ఈయన రోజూ పట్టపగలే ఆ యముడితో దొంగాట ఆడుతున్నాడని వాడకట్టులో ఎగతాళి. కోరుట్లలో కాపురం ఉన్న బిడ్డ ప్రవళిక పోయినేడు తండ్రిని బలవంతాన జగిత్యాల దవాఖానాకు తీసుకుపోయి, ఒళ్లంతా వైర్లు పెట్టించి పరీక్ష చేయించింది. ఆ మిషిన్ పెట్టుకొని మొదటిసారి పడుకొని లేచిన సాయంత్రం మార్కండేయులు చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాడు. తల బరువు లేదు. కళ్లు మండడం లేదు. నిద్రంటే ఇదా, ఇన్నేళ్లూ తాను చేసింది ఏంటి మరి అనుకున్నాడు. బిడ్డకు ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక ఏడ్చాడు.

అంత మంచి మిషిన్ ఇప్పుడు మొరాయించింది. కొన్నాళ్లుగా ఒకటే రొద. పిండి గిర్ని లాగా గుయ్యిమంటుంది, ఎగదన్నుతుంది, తగ్గుతుంది, మళ్లీ అందుకుంటుంది. సాంచాల మధ్య నిలబడి కునుకు తీయగల మనిషికి ఈ చిన్న డబ్బా నిద్ర చెడగొడుతోందంటే ఎవరూ నమ్మలేదు. కానీ సాంచా మోత ఒక్క తీరుగా ఉంటుంది, ఒంటికి అలవాటైపోతుంది. దీనికి తాళం లేదు. సగం నిద్రలో విసుగొచ్చి మాస్కు పీకేస్తున్నాడు. పీకేస్తే ఊపిరి ఆగుతోంది. నిన్న రాత్రి సాంచా ముందే కళ్లు మూతపడ్డాయి. పోగు తెగింది చూసుకోలేదు, గుడ్డ పాడైంది. సాంచాల యజమాని ఆసామి అరవలేదు. మెల్లగానే అన్నాడు.

"ఇంకోసారి గిట్లయితే నీ సాంచాలు ఇంకొకలకు ఇయ్యాల్సి అస్తది, ఏమనుకోకు."

అందుకే ఇవాళ పడుకునే ముందు మిషిన్ సంగతి తేల్చాలని కూర్చున్నాడు. దాని మీదికి వంగి, చెవి ఆనించి, కళ్లు మూసుకొని విన్నాడు. సాంచాకు రోగమొస్తే అలాగే వింటాడు. ఎక్కడో అదురుతోందని తేల్చాడు. సాంచా కాలు కింద పెట్టినట్టు నాలుగు మడతల గుడ్డ మిషిన్ కింద పెట్టాడు. రొద తగ్గలేదు. గుడ్డ తీసి అట్టముక్క పెట్టాడు. ఊహూ. ఇక మిగిలింది ఒక్కటే మందు. గూట్లో ఉన్న నూనె డబ్బా అందుకున్నాడు.

మంచం పక్కనే గోడకు వీపు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్న భూమవ్వ కత్తెర కింద పడేసి లేచింది.

"ఏందయ్యా గది? ముక్కులకు పోయే గాలిల నూనె పోస్తవా?"

"కీచుమంటాంది గదనే."

"కీచుమన్నదానికల్ల నూనె పోస్తే, నా నోట్ల సుత పోస్తవేమో. ఇటియ్యి. బిడ్డకు ఫోన్ చెయ్యి ముందుగాల."

ప్రవళిక ఫోన్ ఎత్తింది, తిట్టింది, తర్వాత మిషిన్ అమ్మిన జగిత్యాల దుకాణంలో పనిచేసే సురేందర్‌ను వీడియో కాల్‌లో కలిపింది. ఫోన్ అద్దంలో ఆ పక్క బిడ్డ ముఖం, ఈ పక్క సురేందర్ ముఖం.

"మామా, మిషిన్ పక్కపొంటి చిన్న మూత ఉంటది సూడు. గది తియ్యి. లోపల తెల్లటి జాలి ఉంటది."

మూత తీశాడు. గాలిని వడగట్టే ఆ జాలి బయటకొచ్చింది. తెల్లగా లేదు. బెల్లం పాకంలో ముంచినట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తంబాకు ఘాటుకు తుమ్మొచ్చింది.

"గిదేంది మామా, గిట్లున్నది! ఇంట్ల బీడీలు ఎవలు తాగుతరు?"

"ఎవ్వలు తాగరు. మా ఇంటామె చేస్తది."

"ఏడ కూసుంటది?"

మార్కండేయులు ఫోన్ తిప్పాడు. స్టూలు, స్టూలు కింద తునికాకు కట్ట, దాని పక్కన భూమవ్వ, భూమవ్వ ఒళ్లో చాట, చాట నిండా తంబాకు. మిషిన్ గాలి పీల్చుకునే పక్క సరిగ్గా చాట మీదికే ఉంది. ఆకులో తంబాకు పోసినప్పుడల్లా లేచే దుమ్మంతా అది పొద్దంతా పీలుస్తోంది. జాలి మూసుకుపోయి, గాలి అందక, ఆ డబ్బా కూడా గుర్రు పెడుతోంది.

"అయ్యో అవ్వా!" అంది ప్రవళిక తల్లితో. "నీ తంబాకంత బాపు ముక్కులకే పోతాంది గదనే."

భూమవ్వ ముఖం చిన్నబోయింది. మిషిన్‌తో ఇచ్చిన సంచి జేబులో కొత్త జాలీలు ఉంటాయని సురేందర్ చెబితే ఆమే వెతికి తెచ్చింది. కొత్త జాలి పెట్టి మూత వేసి మీట నొక్కితే, మిషిన్ నడుస్తోందో లేదో తెలియలేదు. మార్కండేయులు గొట్టం కొసకు చెంప ఆనించి చూశాడు. చల్లగా, ఒక్క తీరుగా గాలి.

"నీ కడుపు చల్లగుండ కొడుకా!" అని ఫోన్‌లోకి అరిచాడు.

"చాట బయట పెట్టుకొమ్మను మామా. లేకుంటే మల్ల గిదే కథ."

ఫోన్ పెట్టేశాక భూమవ్వ మళ్లీ అదే చోట చతికిలబడింది.

"ఇన్నవు గద. బయటికి పో."

"చాట మీద గుడ్డ కప్పుకొని చేసుకుంట."

"గుడ్డ కప్పుకొని బీడీలెట్ల చేస్తవే?"

"చేస్త. నువ్వు పండుకో."

మార్కండేయులుకు ఒళ్లు మండింది. ఈ పంతం సంగతి ఆయనకు తెలుసు. రెండిళ్ల అవతల మాధవి అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లంతా చేరి బీడీలు చుడతారు. వెలుతురు, గాలి, కావలసినన్ని ముచ్చట్లు. భూమవ్వ కూడా ఒకప్పుడు అక్కడే కూర్చునేది. ఏళ్ల కిందట ఒకరోజు చాట తెచ్చి ఈ చీకటి మూలన పెట్టుకుంది, మళ్లీ పోలేదు. ఏదో మాటా మాటా అనుకొని ఉంటారు, ఆడవాళ్ల కొట్లాట మనకెందుకని ఆయన ఎన్నడూ అడగలేదు. ఇవాళ అడగక తప్పదనుకున్నాడు. ఒళ్లోంచి చాట లాక్కొని, రెండు చేతులా పట్టుకొని, బనీను మీదే వీధిలోకి నడిచాడు.

పెళ్లాం బీడీ చాట మోసుకొస్తున్న మగాణ్ణి చూసి అరుగంతా గొల్లున నవ్వింది.

"ఏం మరిదీ, సాంచాలు ఇడిసిపెట్టి బీడీలల్ల పడ్డవా?" అంది మాధవి.

"నవ్వుకోండ్రి. వదినా, మా ఆమె నిన్ను ఏమన్న అంటే నా ముఖం చూసి మనసుల పెట్టుకోకు. ఇయ్యాల్టి సంది గీడనే కూసుంటది."

మాధవి నవ్వు ఆపింది. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, చాటలో పెట్టి, అప్పుడు తలెత్తింది.

"నన్నేమంటది? మాకు పంచాది ఎప్పుడైందయ్యా? మా ఆయన సచ్చిపోయిన నాడు గదా ఆమె గీడికెల్లి లేసి ఎల్లిపోయింది."

మాధవి మొగుడు గంగారాం కూడా రాత్రి సాంచాలే నడిపేవాడు. ఒకనాడు డ్యూటీ దిగి వచ్చి పడుకున్నవాడు లేవలేదు. నిద్రలోనే పోయాడు. పాడె మోసిన వాళ్లలో మార్కండేయులు కూడా ఉన్నాడు.

"ఆయన లోపట పండుకున్నడు. మేమందరం గీడ్నే నవ్వుకుంట బీడీలు చేసుకుంటానం. నీ భార్య నా పక్కనే ఉన్నది. గోడ అవుతల మనిషి పోతాంటె మాకు ఎరుకే లేదు. దినాలైనంక నేను ఎన్నిసార్లు పిలిచిన. 'మా ఆయన సుత నిద్రల ఊపిరి మర్సిపోతడు అక్కా, నేను రాను' అన్నది. గంతే."

చాట బరువేమీ కాదు. అయినా మార్కండేయులు దాన్ని అరుగు మీద దించాడు. ఎదిరింటి ముందు ఎవరో బిందె కడుగుతున్నారు. అటు చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ల పగటి నిద్ర తనదేనని అనుకున్నాడు. అందులో సగం ఆమె మేలుకోవడమని ఇప్పుడు తెలిసింది.

వెనకే వచ్చిన భూమవ్వ కొంగు నడుముకు దోపుకొని ఉంది, పోట్లాటకు సిద్ధంగా. మాధవి ముఖం చూసి, మొగుడి ముఖం చూసి ఆగిపోయింది.

"చెప్పినవా అక్కా?"

"ఎన్నడన్న చెప్పాలె గద."

"భూమీ," అన్నాడు మార్కండేయులు. పెళ్లైన కొత్తలో తప్ప అలా పిలవలేదు. అరుగు మీద ఆడవాళ్లు తలలు వంచుకొని ఆకులు కత్తిరించడంలో మునిగిపోయారు. "ఇగ నువ్వు గీడ కూసో. మిషిన్ మంచిగైంది. చాలు, నువ్వు చేసింది."

"మంచిగైంది. గదే నా బాధ." అంది భూమవ్వ. "సప్పుడు ఉన్నన్ని దినాలు, గుయ్యిమంటాంది, సల్లగున్నడు అనుకునేదాన్ని. ఇప్పుడు సప్పుడే లేకపాయె. నువ్వు ఉన్నవని నాకెట్ల తెల్వాలె?"

దీనికి ఏ దుకాణంలోనూ జాలి దొరకదు. మార్కండేయులు బనీను అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

"పొద్దుగూకంగ లేసి నేనే అస్త. నీ చాట నేనే ఇంటికి మోసుకపోత. రోజు అస్త. అద్దన్న అస్త."

"అస్తవా?"

"వీళ్లందరు సాచ్చెం."

మాధవి జరిగి, పక్కన చోటు చేసి, అరచేత్తో నేల మీది దుమ్ము తుడిచింది. భూమవ్వ కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుంది. చాట ఒళ్లోకి లాక్కొని ఒక ఆకు తీసింది. "గింత ఎలుతురా!" అంది, కళ్లు చిట్లించి. ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మార్కండేయులు ఇంటికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు. మళ్లీ మిషిన్‌లోకి పోకుండా తంబాకు దుమ్ము ఊడ్చేద్దామని చీపురు తీసుకొని, ఆమె కూర్చునే చోట వంగాడు. మంచం కోడు వెనక చీపురుకు ఏదో తగిలింది. బయటికి లాగాడు.

అది సాంచాలో విరిగితే పారేసే సన్నటి కట్టె. ఒక కొస ఆమె చేతి పట్టుకు నున్నగా అరిగింది. రెండో కొసకు మెత్తటి గుడ్డ ఉండలా చుట్టి, మీద దారం బిగించి ఉంది. ఎందుకో మొదట తెలియలేదు. గోడకు వీపు ఆనించి, ఆమె కూర్చునే చోటే కూర్చొని, కట్టె మంచం మీదికి చాపి చూశాడు. గుడ్డ చుట్టిన కొస సరిగ్గా ఆయన భుజం ఉండే చోట తలగడ అంచుకు ఆనింది. రెండు చేతుల నిండా తంబాకు ఉన్న మనిషి, ఊపిరి ఆగినవాణ్ణి నొప్పి తెలియకుండా లేపడానికి చేసుకున్నది.

మిషిన్ వచ్చి ఏడాది దాటింది. కట్టె కొసన గుడ్డ మాత్రం తెల్లగా, మొన్ననే మార్చి చుట్టినట్టుగా ఉంది.