ఆకుకుప్పకు వచ్చిన జ్వరం

డిసెంబరు రెండోవారంలో ఒక ఉదయం, ఆరు గంటలకు, సదాశివరావు ఇంటి పడకగదిలోకి కిటికీ సందుల్లోంచి రోజూ లాగే పొగ వచ్చింది. సందులన్నిటికీ ఆయన పాత వార్తాపత్రికలు మడిచి కుక్కి ఉన్నాడు. అయినా వచ్చింది. ఎనిమిదేళ్ల సాత్విక మంచంమీద లేచి కూర్చుని, మోకాళ్లను రెండు చేతులతో పట్టుకుని, ఒక్కొక్క ఊపిరినే బావిలోంచి చేదినట్టు తీసుకుంటోంది.

సుభద్ర పిల్ల వీపు నిమురుతూ భర్తవైపు చూడకుండానే చెప్పింది.

"జనవరి రెండో తారీకున ఏపీ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీయించానండీ. అక్కయ్యకి ఫోన్ చేశాను. సికింద్రాబాదులో వాళ్ల పక్క బళ్లోనే చేర్చుకుంటారట. నేనూ అక్కడే ఉంటాను."

"చదువు మధ్యలోనా?"

"ఊపిరి మధ్యలో ఆగితే? డాక్టరుగారు విడమరిచి చెప్పాడు కదా. ఊరంతటి పొగా ఒక ఎత్తు, ఈ కిటికీ కింద పొగ ఒక ఎత్తుట. అది ఆగాలి, లేదా పిల్ల ఇక్కణ్ణుంచి కదలాలి."

"మై నహీ జావూఁగీ, నాన్నా," తాను వెళ్లనంది సాత్విక, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. తండ్రితో సైతం హిందీలోనే మాట్లాడే పిల్ల. ఒక్క 'నాన్నా' మాత్రం తెలుగులో మిగుల్చుకుంది.

సదాశివరావు ఒక మంత్రిత్వశాఖ గ్రంథాలయంలో ఇరవై రెండేళ్లుగా పుస్తకాలకు వర్గసంఖ్యలు వేస్తున్నాడు. ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లలో కింది వాటాలో పదకొండేళ్లుగా ఉంటున్నా, ఇరుగుపొరుగులో నలుగురి పేర్లకు మించి ఆయనకు తెలియవు. అలాంటి మనిషి ఆ ఉదయం మఫ్లరు చుట్టుకుని, చెప్పులు వేసుకుని, తన కిటికీ కింద మండుతున్న మంట దగ్గరికి నడిచి వెళ్లాడు.

మంట పక్కన రామ్‌రతీ గొంతుక్కూర్చుని ఉంది. వీధులు ఊడ్చే మనిషి. శీతకాలంలో బూరుగు, దిరిసెన చెట్లు రాల్చే ఆకులన్నీ పోగుచేసి, రోజూ అక్కడే అంటిస్తుంది.

పాపకు ఉబ్బసమనీ, దయచేసి ఆకులు తగలబెట్టవద్దనీ ఆయన తన పుస్తకాల హిందీలో విన్నవించుకున్నాడు. రామ్‌రతీ రెండు చేతులూ చాచి చూపించింది. వేళ్ల కణుపులు పగిలి, సందుల్లో నెత్తురు గడ్డకట్టి ఉంది.

"సాబ్, ఐదింటికి చీపురు పడతాను. కర్ర మంచుముక్కలా ఉంటుంది. ఈ ఆగ్, ఈ మంట లేకపోతే వేళ్లు విచ్చుకోవు. చెత్త లారీ వారానికోసారైనా రాదు. ఆకులు పోగుపడితే తిట్లు నాకే. మీరే చెప్పండి, ఎక్కడ పెట్టను?"

సదాశివరావుకు గ్రంథాలయంలో ఎవరూ అడగక దుమ్ముపట్టిన ఒక పల్చని పుస్తకం గుర్తుకొచ్చింది. ఇంటి చెత్తనూ రాలిన ఆకులనూ ఎరువు చేసుకునే పద్ధతులు అందులో ఉన్నాయి. దానికి సంఖ్య వేసింది తానే. లోపల ఏముందో ఏనాడూ చదవలేదు.

"ఆకులు నాకివ్వు. పుస్తకం చూసి ఎరువు చేస్తాను. రోజూ నేనే తీసుకుంటాను," అన్నాడు.

"చేతుల సంగతో?"

ఆయన కిటికీవైపు చూశాడు. రామ్‌రతీ కొంగు దులుపుకుని లేచింది. "ఠీక్ హై. పాప కోసం ఒక్క వారం. టీ కొట్టు పొయ్యి దగ్గర కాచుకుంటాను. ఆ తరవాత అగ్గిపుల్ల గీస్తాను, ఏమీ అనుకోవద్దు."

ఆ పుస్తకం ఇంటికి తెచ్చి చదివి, ఆదివారంనాడు ఆయన క్వార్టరు వెనక ఖాళీ జాగాలో ఇటుకలు పేర్చి నాలుగు అరలు కట్టాడు. ఒకదానిలో బూరుగాకు, రెండోదానిలో దిరిసెనాకు, మూడోదానిలో కూరగాయల తొక్కలు, నాలుగోదానిలో బఠాణీ తొక్కలు. శీతకాలపు ఢిల్లీలో బఠాణీ తొక్కలకు లోటుండదు. పై వాటా అన్నపూర్ణేశ్వరిగారు ఎండలో మంచం వేసుకుని రోజుకు రెండు కిలోలైనా ఒలుస్తుంది. ఆ తొక్కలు తమకిమ్మని అడగడానికి సదాశివరావుకు రెండు రోజుల ధైర్యం కావలసివచ్చింది.

"తీసుకెళ్లండి, అదెంత భాగ్యం!" అంటూ ఆవిడ అరలవైపు తొంగిచూసింది. ప్రతి అరకూ ఒక అట్టముక్క, దానిమీద గుండ్రని అక్షరాల్లో ఒక సంఖ్య. "ఏమండీ సదాశివరావుగారూ, చెత్తక్కూడా నంబర్లేనా? రేపు అరువు తీసుకెళ్లిన వాళ్ల సంతకాలు కూడా పెట్టించుకుంటారా?"

ఆయన నవ్వలేదు. రోజూ ఉదయం ప్రతి అరనూ విప్పి, అడుగుదాకా కెలికి చూసి, మళ్లీ సర్దేవాడు. ఆరో రోజుకు ఆకులు ఆకుల్లాగే గలగలలాడుతున్నాయి. తొక్కల అరల్లోంచి మాత్రం, పై వాటాలో మంచం ఎండలోంచి లోపలికి మారేటంత కంపు లేచింది.

ఆ వారం రోజులూ పొగ లేదు. సాత్విక రెండు రాత్రులు పడుకుని నిద్రపోయింది. సుభద్ర ఆ సంగతి గమనించింది కాని పెట్టె సర్దడం ఆపలేదు. "వారం సంబరానికి టికెట్లు వాపసు చేయనండీ," అంది.

ఎనిమిదో నాడు రామ్‌రతీ వచ్చింది. చేతిలో అగ్గిపెట్టె ఉంది. అరలనూ అట్టముక్కలనూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్లి, చివర నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

"అరే సాబ్! బియ్యం ఒక గిన్నెలో, పప్పు ఒక గిన్నెలో ఉడకేస్తే ఖిచిడీ అవుతుందా? దీన్ని రోజూ విప్పుతారా? పొదిగే కోడిని రోజూ లేపితే గుడ్డేమవుతుంది? మా ఊళ్లో పేడకుప్పలు నా చేతుల మీద పెరిగినవే. పుస్తకంలో ఇదేనా రాశారు?"

పుస్తకంలో కలపమనే రాసి ఉంది. మూడో పుటలో. వేటికవి విడదీసి ఉంచడమే జీవితకాలపు పనిగా ఉన్న మనిషి, ఆ వాక్యాన్ని చదివీ చూడలేదు.

రామ్‌రతీ అగ్గిపెట్టె రవికలో దోపుకుంది. పక్కనే ఉన్న పిలంజీ గ్రామంలో గేదెలున్న ఇంటినుంచి రెండు తట్టల పేడ తెచ్చింది. మధ్య ఇటుకలు తానే తీసి పారేసింది. ఒక వరస ఆకు, ఒక వరస తొక్క, మీద పేడనీళ్లు, మళ్లీ ఆకు. నడుమెత్తు కుప్ప అయింది. పైన తడిపిన గోనెపట్టాలు కప్పింది.

"నాలుగు రోజులు తాకకండి, సాబ్. కసమ్ ఖావో."

సదాశివరావు తన కూతురి తలమీద చేయి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ నాలుగు రోజులూ ఆయనకు ఎంత పొడుగైనవో ఆయనకే తెలుసు. పెరటి తలుపుదాకా వెళ్లేవాడు, గడియమీద చేయివేసేవాడు, తిరిగివచ్చేవాడు.

ఐదో నాటి తెల్లవారుజామున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎదుటి వరస క్వార్టర్లు లేనట్టే ఉన్నాయి. తలుపు తీసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. కుప్పమీదనుంచి తెల్లగా ఏదో లేస్తోంది.  'అంటించేసింది!' అనుకున్నాడు. పరుగున వెళ్లి గోనెపట్టా లాగాడు. నిప్పు లేదు. కాలిన వాసనా లేదు. వాన వెలిసిన పొలం వాసన ముఖాన కొట్టింది. అది పొగ కాదు, ఆవిరి.

చేయి మోచేతిదాకా లోపలికి దూర్చి చటుక్కున వెనక్కి లాగాడు. సలసల కాగిన నీళ్ల తపేలాలో పెట్టినట్టుంది. మళ్లీ పెట్టాడు, ఈసారి మెల్లగా. అగ్గిపుల్ల గీయలేదు, బొగ్గు వేయలేదు, కరెంటు తీగ లాగలేదు. పడేసిన తొక్కలూ రాలిపడిన ఆకులూ, కంటికి కనిపించని కోటానుకోట్ల నోళ్లకు విందై, ఆ విందులోంచి ఈ వేడి పుడుతోంది. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తెలిసినవాడు ఆయన. ఇది అలాంటి వేడే, కాని ఇందులో బాధ లేదు. ఈ నేల కింద, ప్రతి చెట్టు మొదట్లో, తాను పుట్టకముందునుంచీ ఈ పని జరుగుతూనే ఉంది. తాను పుస్తకాల అరల మధ్య తల వంచుకుని ఉన్న ఇరవై రెండేళ్లలోనూ ఒక్క పూట ఆగలేదు. ఆయన కళ్లద్దాలు ఆవిరితో మసకబారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మంచులోంచి చీపురు చప్పుడు దగ్గరై ఆగింది. రామ్‌రతీ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ గోనెపట్టా కిందికి పోనిచ్చి కళ్లు మూసుకుంది. కాసేపటికి తీసి, వేళ్లు ఒక్కొక్కటే విప్పి, మళ్లీ ముడిచి చూసుకుంది.

"మా అమ్మ చలికాలంలో మమ్మల్ని పేడకుప్ప పక్కన కూర్చోబెట్టేది, సాబ్. ఈ ఊరొచ్చి మరిచేపోయాను," అంది. రవికలోంచి అగ్గిపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది. "మీ పొయ్యికి పనికొస్తుంది. రేపు ఆ చివరి బ్లాకు ఆకులు కూడా ఇక్కడికే తెస్తాను. చోటుందా?"

"ఉంది," అన్నాడు సదాశివరావు. 

వెనక అడుగుల చప్పుడయింది. సాత్విక, ముక్కుకు శాలువా అడ్డం లేకుండా, వట్టి కాళ్లతో మంచులోకి వచ్చేసింది. ఆమె వెనక చెప్పులు పట్టుకుని సుభద్ర. పిల్ల వంగి గోనెపట్టా మీద అరచేయి ఆనించింది. చాలాసేపు తీయలేదు. ఊపిరి చప్పుడు లేకుండా వచ్చిపోతోంది.

"నాన్నా, యే జిందా హై క్యా?"

బతికే ఉందా అని అడుగుతున్న ఆ పిల్లకు ఏ సంఖ్య కింద జవాబు వెతకాలో ఆయనకు తెలియలేదు. తల మాత్రం ఊపాడు.

సుభద్ర కుప్పనూ, రామ్‌రతీ చేతులనూ, కూతురి ఛాతీనీ మార్చిమార్చి చూసింది. చెప్పులు పిల్ల కాళ్ల దగ్గర పెట్టి ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి, తానే తెరిచిన పడకగది కిటికీలోంచి ఆమె కనిపించింది. సర్దిన పెట్టెలోంచి సాత్విక బడి స్వెట్టరు తీసి, మడత విదిలించి, తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తోంది.