ఇమామ్ సాహెబ్ రెండో విమానం

మొదటి విమానాన్ని నేను కాలువలో పడేశాను. ఈ సంగతి కోవూరులో అందరికీ తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తే నాకు హాయి. కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుకుంటుంటే, "టీచరమ్మా, మళ్లీ ఎప్పుడు పడేస్తారు?" అని అడిగినవాళ్లున్నారు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ ప్రశ్నకు మాత్రం ఏడాదిపాటు నోరు పెగల్లేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. నెల్లూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరి చిన్న చిన్న విమానాలు తయారుచేసి ఎగరేసేదాన్ని. పెళ్లయ్యాక ఆ సరదా అటకెక్కింది. దాన్ని కిందికి దించింది ఇమామ్ సాహెబ్. ఆయన నలభై ఏళ్లుగా కోవూరులో ద్వారబంధాలు చేస్తున్న వడ్రంగి. మా వీధిలో నా ఈడువాళ్లందరం ఆయన్ని మామా అనే పిలుస్తాం. మా ఇంటికి కొత్త వాకిలి పెట్టడానికి వచ్చినప్పుడు, అల్మరాలో ఉన్న నా పాత విమానాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "దీన్ని ఎవరు చేసినారో గానీ తొందరపడినారమ్మా" అన్నారు. చేసింది నేనే. ఒళ్లు మండింది. మండినా, ఆయన చెప్పింది నిజమే.

అలా మొదలై, మా ఇద్దరి పిచ్చి హరికేన్ దాకా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మన వైమానిక దళం బర్మా వైపు నడిపిన యుద్ధ విమానం అది. మేం చేసింది సైజులో దానికి నాలుగో వంతు. అలాగని బొమ్మ అనుకోవద్దు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు పదడుగులు, బరువు ఇరవై కిలోలు, ముక్కులో చెట్లు కోసే మిషను ఇంజను. మనిషి మీద పడితే ఇక లేవడు. దూరంగా నిలబడి చేతిలో రిమోట్ పట్టుకుని దాన్ని నడపాలి. చెన్నై నుంచి తెప్పించిన తేలికపాటి బాల్సా చెక్కను చూసి మామ, "ఇది చెక్క కాదమ్మా, బొరుగులు" అని రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు నుంచి దాన్ని వదల్లేదు.

ఎగరేయడానికి చోటు మా ఆయన నరేంద్రబాబు చూపించాడు. తూర్పున బకింగ్‌హామ్ కాలువ ఇవతల మాకు రొయ్యల గుంటలున్నాయి. పంట తీసేశాక నీళ్లు వదిలేసి అడుగును ఎండబెడతారు. ట్రాక్టరుతో రోలరు తిప్పిస్తే ఐదెకరాల గుంట సిమెంటు నేలలా అవుతుంది. అది ఓ వారం పది రోజులే. తర్వాత సున్నం చల్లి నీళ్లు పెట్టేస్తారు, మళ్లీ నాలుగు నెలలు ఆగాలి.

పోయిన ఏడాది అక్కడే మొదటి హరికేన్ నేల వదిలింది. నాలుగు సెకన్లు బాగానే పోయింది. అయిదో సెకనులో ముక్కు పైకెత్తింది, ఎంత దించినా దిగలేదు. గాలిలో ఆగిపోయినట్టయి, బోర్లా తిరిగి, గట్టు దాటి కాలువలో పడింది. చేపలు పట్టేవాళ్లు వలేసి ఇంజను తీసిచ్చారు. తోక దొరకలేదు.

"స్టిక్కు ఎక్కువ లాగినావు" అన్నాడు మా ఆయన. ఆ ఒక్క మాటే అన్నాడు. స్టిక్కు లాగితే ముక్కు లేస్తుంది. నేను లాగలేదని నా చేతులకు తెలుసు. కానీ అంతమంది లాగావంటుంటే, ఏమో, భయంలో లాగానేమో అని చేతుల మీద నమ్మకం పోయింది. రిమోట్‌ను బీరువాలో పట్టుచీరల వెనక పెట్టి తాళం వేశాను. ఇమామ్ సాహెబ్ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. పద్నాలుగు నెలలు చెక్కిన మనిషి ఏమీ అనకపోతే అది తిట్టుకంటే ఎక్కువ బాధ.

తర్వాత ఓ రోజు ఆయన షెడ్డుకు పోతే, ద్వారబంధాల మధ్య కొత్త తోక నిలబడి ఉంది. నన్ను అడగకుండానే రెండోది మొదలుపెట్టారు.

"ఎవరు ఎగరేస్తారు మామా దీన్ని?"

"నువ్వు కాకపోతే ఇంకెవరమ్మా."

"మళ్లీ పడితే?"

ఆయన ఉలి కింద పెట్టారు. "ఇదే ఆఖరిది వాణమ్మా. చూపు ఆనడం లేదు. డాక్టరు ఆపరేషన్ చేసినా సన్నపని వద్దన్నాడు. పడితే పడింది. నేను చేసింది గాలిలో నిలబడి తిరగతా ఉంటే ఒక్కసారి వినాలని ఉండాది" అన్నారు. చూడాలని అనలేదు, వినాలని అన్నారు. ఆ మాటతో బీరువా తాళం తీశాను.

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు గుంటలో దిగాం. మర్నాడు సోమవారం సున్నం లారీ వస్తుంది. ఉన్నది ఆ ఒక్క రోజే. అది పడితే ఆయన ఇంకోటి చేయలేరు, నేను ఇంకోటి ఎగరేయలేను. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. మామ భార్య సర్దార్‌బీ అత్త కట్టిచ్చిన ఇడ్లీలు డబ్బాలో అట్నే ఉన్నాయి.

రెక్కలు బిగించగానే విమానాన్ని తూకం స్టాండు మీద పెట్టించాను. రెక్కల కింద గుర్తు పెట్టిన రెండు చోట్ల ఆనిస్తే, ముక్కు కాస్త కిందికి వాలి నిలవాలి. తోక కిందికి జారితే ఆ విమానం ఎగరడానికి పనికిరాదు. ఇంజను బరువు చాలనందుకు ముక్కులో వలలకు కట్టే సీసపు గుండ్లు కూడా వేశాం. ముక్కు సరిగ్గా వాలింది. రెండోసారి చూశాను. సరిగ్గానే ఉంది.

"గూడూరు మార్కెట్‌లో నిమ్మకాయలు కూడా ఇన్నిసార్లు తూయరు" అన్నాడు మా ఆయన.

"నిమ్మకాయ పడితే కాలువలోకి పోదు" అన్నాను.

తర్వాత రిమోట్ ఎంత దూరం అందుతుందో చూడటానికి గుంట ఆ చివరకు నడిచాను. నేను అక్కడి నుంచి స్టిక్కు కదిపితే, ఇక్కడ విమానం తోక కదులుతోందో లేదో మా ఆయన చేయెత్తి చెప్పాలి. అంతా బాగానే కదిలింది. వెనక్కి వచ్చి పెట్రోలు పోయబోతూ ఆగాను. ఎందుకు ఆగానంటే భయం, అంతే, దానికి వేరే పేరు లేదు. "ఇంకొక్కసారి స్టాండు మీద పెట్టు" అన్నాను. నరేంద్ర ఆకాశం వైపు చూసి పెట్టాడు.

తోక కిందికి జారింది.

మళ్లీ ఎత్తి పెట్టించాను. మళ్లీ జారింది. స్టాండు పక్కకు తిప్పాను, గుర్తులు చూశాను, కొలిచాను. పావుగంట కింద సరిగ్గా నిలిచిన విమానం తోక ఎవరూ ముట్టుకోకుండా ఎలా బరువెక్కుతుంది? "నాకే ఏదో అయింది" అని పైకే అన్నాను.

"నీకేం కాలేదమ్మా. బాబు పెట్రోలు డబ్బాకు పోయినప్పుడు నేను ముట్టుకున్నా" అన్నారు ఇమామ్ సాహెబ్.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని తోక కింద ఉన్న చిన్న మూత తిప్పి, లోపలి నుంచి పచ్చగుడ్డ పొట్లం ఒకటి తీశారు. విప్పితే రాగి, ఇత్తడి, వెండి, ఇనుము ముక్కలు, గోధుమగింజంత బంగారం. పంచలోహాలు. ద్వారబంధం నిలబెట్టే ముందు గడప కింద పెడతారు కదా, అవి.

"ఇంటింటికీ పెట్టగా మిగిలినవి డబ్బాలో ఏసి పెట్టినా. నిలువుచెక్క యాడ నిలబెట్టినా, అది తోకైనా సరే, దాని అడుగున పెట్టాల్సిందే గదా. అదీ నిలబెట్టే ముందర, చిట్టచివర. నలభై ఏళ్లుగా చెయ్యి అట్నే అలవాటు పడింది. అందరికీ చిటికెడు పెట్టేవాణ్ణి. దీనికి గుప్పెడు పెట్టినా" అన్నారు.

అని, కాలువ వైపు తిరిగారు. చేతిలో పొట్లం అలాగే ఉంది.

"పోయినసారి గూడా పెట్టినా వాణమ్మా."

నరేంద్ర నా వైపు చూసి, నేల వైపు చూశాడు.

నాకు కోపం వచ్చింది. ఎంత రావాలో అంతా వచ్చింది. ఏడాది. వంకాయల బండి దగ్గర, స్టాఫ్ రూములో, ఇంట్లో, ఏడాదిపాటు నా చేతులను నేనే అనుమానించుకుని బతికాను. పోయి గట్టు మీద కూర్చున్నాను. కాలువ కనిపిస్తోంది, ఆ అడుగున బురదలో ఎక్కడో ఇంకో గుప్పెడు పంచలోహం ఉంది.

ఆయన మెల్లగా గట్టెక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు. "ఏడాది నా తప్పు నువ్వు మోసినావు. అది నాదమ్మా. సాయంత్రం ఊళ్లోకి పొయ్యి టీ అంగడికాడ అందరికీ నేనే జెప్తా" అన్నారు. సాకు ఒక్కటి కూడా చెప్పలేదు. తన తప్పును అంత సూటిగా తన మీద వేసుకున్న మనిషి మీద కోపం ఎంతసేపని నిలబెట్టుకుంటాం? పైగా నేను ఫిజిక్సు టీచర్ని. చివరిసారి తూచకుండా పోయినేడు ఇంజను స్టార్ట్ చేసింది నేనే కదా. ఆ మాట చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. కాసేపు తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నాం. దాంతో నాకు నవ్వొచ్చింది.

"సరే, ఆ పొట్లం ఇంట్లో పెట్టేస్తా. అది లేకుండానే ఎగరెయ్యి" అన్నారు. అనడానికి అన్నారు గానీ పొట్లాన్ని పట్టుకున్న వేళ్లు సడలలేదు. గడప కింద ఏమీ లేకుండా ఆయన జన్మలో ఒక్క వాకిలి నిలబెట్టలేదు.

"ఇంట్లో ఎందుకు మామా? ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తాను" అన్నాను.

రొయ్యల మేత తూచే చిన్న కాటా గట్టు మీది షెడ్డులో ఉంది. పొట్లం రెండువందల పది గ్రాములు తూగింది. పోయినేడు తోక దగ్గర అంత బరువు ఉండబట్టే విమానం ముక్కెత్తి పడింది. ముక్కులోంచి ముప్పై గ్రాముల సీసపు గుండ్లు ఏడు తీసేసి, వాటి చోట పొట్లాన్ని కూర్చోబెట్టి తీగతో బిగించాం. స్టాండు మీద పెడితే ముక్కు మర్యాదగా కిందికి వాలింది. మళ్లీ తూయమంటానేమో అని మా ఆయన చూశాడు. అనలేదు.

పెట్రోలు పోశాం. ఇంజను అందుకుంది. నేను గట్టుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఇంజను వేగం పెంచే స్టిక్కు ముందుకు తోశాను. హరికేన్ పరుగెత్తింది, తోక లేచింది, చక్రాలు నేల వదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో సెకను వచ్చింది.

ముక్కు పైకెత్తలేదు.

గట్టు దాటింది. గడ్డిలోని కొంగలన్నీ లేచిపోయాయి. కాలువ మీదుగా ఎడమకు తిప్పితే తిరిగింది, వాల్చమంటే వాలింది, నిలబడమంటే నిలబడింది. ఏడాది తర్వాత నా చేతులు నావయ్యాయి. ఏడుపొచ్చింది గానీ కళ్లు మూసుకునే వీలు లేదు.

ఇమామ్ సాహెబ్‌కు అంత దూరం కనపడదు. తల ఓ పక్కకు వంచి ఇంజను చప్పుడు ఎటుపోతే అటు ముఖం తిప్పుతున్నారు. "ఎట్టా పోతా ఉండాది బాబూ?" అంటే, మా ఆయన ఆయన పక్కనే నిలబడి, "కాలువ మీద ఉండాది మామా... ఇప్పుడు మన తలకాయ మీదికి వస్తా ఉండాది... ఎండలో రెక్క మెరస్తా ఉండాది" అని చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.

ఆరు నిమిషాలు తిప్పి దించాను. గట్టును దాటించి, వేగం తగ్గించి, నేలకు ఆనిస్తే ఒక్కసారి ఎగిరిపడి, తర్వాత బుద్ధిగా పరుగెత్తి మా ముందే ఆగింది. ఇంజను ఆపాను. ఇమామ్ సాహెబ్ వెళ్లి వేడిగా ఉన్న ముక్కు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం నన్ను బాధపెట్టలేదు.

"పొట్లం తీసివ్వమంటారా మామా?" అన్నాను.

"గడప నిలబెట్టినాక కింద పెట్టింది ఎవరన్నా తీస్తారా?" అన్నారు.

ఇడ్లీల డబ్బా అప్పుడు తెరిచాం. పెళ్లయిన పదిహేడేళ్లలో మా ఆయన "తప్పు నాది" అని ఒక్కసారీ అన్నది లేదు. ఆ రోజూ అనలేదు. ఒక ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, ఫోను తీసి సున్నం లారీ వాళ్లకు కలిపాడు. "రేపు వద్దు, ఎల్లుండి రాండి. రేపు గుంటలో పని ఉండాది" అన్నాడు. అవతల ఏం పని అని అడిగినట్టున్నారు.

"మా ఆడమనిషి విమానం ఎగరేస్తాది" అన్నాడు.

సోమవారం నేను కాలేజీకి సెలవు పెట్టాలన్న సంగతి నాకు అలా తెలిసింది.