ఇంకా ఎరుపే

పురుడొచ్చి మూడో వారం. బట్ట మీద ఎరుపు పోయి, గోధుమరంగై, పసుపు తిరిగింది. ఇక అయిపోవస్తోందని మురిసిపోయాను. మురిసినదాన్ని ఊరుకోవచ్చుగా? మా నాంపల్లి వాటాలో కుళాయి వచ్చేది గంటసేపు. అత్తగారు కూరలకి వెళ్ళారు కదాని రెండు బిందెలు నేనే మోశాను. సాయంత్రానికి మళ్ళీ ఎరుపు.

మా కామాక్షక్క పురిట్లో నెత్తురు ఆగకే పోయింది. పక్కనున్న పసిగుడ్డు మొహం చూసి, దీనికీ తల్లి లేకుండా పోతుందా అని ఏడ్చాను.

మా అత్తగారు కోటేశ్వరమ్మగారు తెనాలి మనిషి. మెత్తగా మాట్లాడితే నోరు అరిగిపోతుందనుకునే రకం. బట్ట చూశారు, నా నుదురు ముట్టుకున్నారు.

"గడ్డలు పడ్డాయా?"

"లేదండీ."

"జ్వరం లేదు, కంపు లేదు. చావవులే. పచ్చి ఒంటితో బిందెలు మోస్తే ఎరుపు తిరగబెట్టక ఏం చేస్తుంది? పడుకో, అదే తగ్గుతుంది. తగ్గకుండా బట్ట మీద బట్ట తడిస్తే మాత్రం రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోతా."

పడుకున్నాను, తగ్గింది. భయం పోయింది గానీ అలసట పోలేదు. పాలిస్తూ కూర్చునే నిద్రపోతున్నాను. ఇంకొన్నాళ్ళు పడుకోమన్నవాళ్ళ కాళ్ళకి మొక్కాలనిపించేది.

అప్పుడొచ్చారు మా ఆయన, గన్‌ఫౌండ్రీలో బ్యాంకు నుంచి, బిడ్డని తనే కన్నంత హుషారుగా.

"అమ్మా, ఆదివారం మా ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచాను. పదిమందే. తనకి తగ్గిపోయిందిగా, లేచి వండుతుందిలే. పూర్ణాలు తన చేతివే తినాలని చెప్పాను."

పప్పు రుబ్బడం తలచుకుంటేనే నడుం లాగింది. వద్దనడానికి కూడా ఓపిక లేదు నాకు.

అత్తగారు దండెం మీద చీర చాటున ఆరేసిన బట్టలు తీస్తున్నారు. కొడుకువైపు తిరగకుండానే అన్నారు.

"ఎక్కడ తగ్గిందిరా? ఇంకా ఎరుపే. నెల నిండేదాకా పొయ్యి దగ్గరికి రానిచ్చేది లేదు. నీ ఆఫీసువాళ్ళకి అబిడ్స్‌లో హోటళ్ళు లేవూ?"

ఆ మాట చెవిన పడగానే ఆయన చెప్పులేసుకుని వీధిలోకి జారుకున్నారు.

"అత్తయ్యగారూ, నిన్నటికే తెల్లబడిందిగా?" అన్నాను మెల్లగా.

"ఉతికింది నేను. నాకు తెలీదూ?" బట్టలు మడిచి నా తలగడ పక్కన పెట్టారు. దుప్పటి కప్పారు. "వాణ్ణి కని పక్షం తిరక్కుండా రోకలి పట్టుకున్నానే అమ్మాయ్. ఇంకా ఎరుపే అని నా తరఫున చెప్పేవాళ్ళు లేక."