ఇనప తురుము

కంటికి కట్టుతోనే పనిలోకొచ్చాడు చిట్టియ్య. అది చూసైనా మా ఓనరు శశిభూషణ్ గారు మెత్తబడతారనుకున్నాం. ఆయన కాటా వైపు చూపించారు.

"ఈ సాయంత్రం కూడా నీ ట్రే తక్కువ తూగితే రేపట్నించి రానక్కర్లేదు."

రాజమండ్రి శివార్లలో మా షెడ్డు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలుకుతూ తిరిగే ఏరేటర్లకి షాఫ్టులు చేస్తాం. లేతు మిషను మీద తిరిగే కడ్డీని టూలు చెక్కుతుంటే తురుము ట్రేలో పడుతుంది. కోత ఎంత లోతు, టూలు ఎంత జోరుగా జరగాలి, కడ్డీ ఎంత వేగంగా తిరగాలి, ఈ మూడూ ఫోన్లో గుణించి, గంటకి ఇంత ఇనుము ఊడాలని ఓనరు తేల్చారు. కొత్త లేతుకి ఆ లెక్క సరే. చిట్టియ్యది తాతలనాటి లేతు. అంత లోతు కోస్తే వణికిపోతుంది. మొన్న అలాగే వణికింది, టూలు విరిగి ముక్క కంటికి తగిలింది. కళ్లజోళ్లు ఇమ్మని ఎన్నిసార్లు అడిగామో.

రోజూ ఎవరి ట్రే వాళ్లదే కాటా ఎక్కాలి. పక్కవాడిది నిండితే మాకు కడుపు మండేది. ఆయనకి కావాల్సింది ఇనుము ఒక్కటే కాదు, ఆ మంట కూడా.

మధ్యాహ్నం క్యారేజీల దగ్గర, మాతోపాటే లేతు నడిపే సూర్యకళ మాట కదిపింది. "సాయంత్రం తురుమంతా ఒకే కుప్ప పోద్దాం."

కొత్త లేతు నడిపే విజయ్ పాల్ చెయ్యి కడిగేసుకున్నాడు. "నా ట్రే నిండుద్ది. నేనెందుకమ్మా మధ్యలో?"

"మీ లేతు ముసలిదవదా అన్నయ్యా? అప్పుడు పోయేది ఎవరి కన్ను?"

అతను క్యారేజీ మూత పెట్టేసి లేచాడు.

సాయంత్రం సూర్యకళ తన ట్రేని కాటా ముందు నేల మీద బోర్లించింది. వెనకే మేమూ బోర్లించాం. విజయ్ పాల్ నిండు ట్రేతో కాటా దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగి మా కుప్ప మీదే గుమ్మరించాడు.

"ఏంటిది? ఎవరిదెంతో ఎలా తెలుస్తుంది?" ఓనరు కాటా వదిలి ముందుకొచ్చారు.

"తెలీకూడదనేనండి," అన్నాడు విజయ్ పాల్. "ఆ లేతు బాగుచేయించండి, కళ్లజోళ్లు ఇవ్వండి. అప్పటిదాకా స్విచ్చి వెయ్యం."

"అందర్నీ తీసేస్తాను."

"తీసెయ్యండి. షాఫ్టులు మీరే తిప్పుకోండి," అంది సూర్యకళ.

చిట్టియ్య చివర్న వచ్చాడు. అతని ట్రేలో ఉన్నది కొంచెమే. అది కుప్పలో పడ్డాక ఎక్కడుందో మాకూ కనిపించలేదు.