కైట్ పట్టుకునే మనిషి

ఫిట్టర్ మూడో అంతస్తు ఎక్కేసరికి ఆవిడ అమ్మకానికి పెట్టిన బోర్డులు రెండూ మంచం మీద పడుకోబెట్టి ఉంచింది. ఒకప్పుడు ఈత నేర్పేదట. ఇప్పుడు ఎడమ మోకాలికి పట్టీ. రెండూ ఒకవైపే ముక్కున్న కైట్‌బోర్డులు, పెద్ద గాలిపటం లాగుతుంటే నిలబడి నీళ్ల మీద జారే పలకలు. ముందుకే పోతాయి, తిరిగి రావాలంటే నీళ్ల మీదే కాళ్లు మార్చుకోవాలి.

"ఏ గాలికి తమ్ముడూ?"

"చచ్చు గాలికక్కా. మా వైపు అలలకేం లోటు లేదు, గాలే పిసినారి."

"అయితే ఆ సన్నదాని జోలికి పోకు. గాలి గట్టిగా ఉంటేనే అది మాట వింటుంది. ఈ వెడల్పుది చూడు. మందంగా ఉంది, తేలుతుంది. అల మీద కాస్త బద్ధకం, అంతే."

అమ్మేవాళ్లను నమ్మే అలవాటు అతనికి లేదు. వేలి కణుపుతో ముక్కు నుంచి తోక దాకా కొట్టుకుంటూ పోయాడు. ఎక్కడా డొల్ల లేదు. ముందు పాదం ఆనేచోట బొటనవేలితో నొక్కాడు; మెత్తబడలేదు. అడుగున రెక్కల్లాంటి ఫిన్లు బిగించే గాడి పక్కన ఒక అతుకుంది, శుభ్రంగా వేసిందే. ఎత్తి చూశాడు. నీళ్లు తాగిన బరువు కాదు.

"డాక్టరుగారూ, బతుకుతుందా?" అందావిడ.

"ఇదే తీసుకుంటా."

"కైట్ ఎవరు పట్టుకుంటారు నీకు?"

అతను బోర్డును మళ్లీ మంచం మీద పెట్టాడు. కైట్ లేవాలంటే ఒడ్డున ఒక మనిషి దాన్ని నిలబెట్టి పట్టుకుని, సైగ చూసి వదలాలి. ఒకప్పుడు నలుగురుండేవాళ్లు, అంతా ఒకే షిఫ్టు. లాభం చాలలేదని కంపెనీ ఆ షిఫ్టే ఎత్తేసింది. మిషన్లకు టార్పాలిన్ పట్టాలు కప్పారు. మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఇతనొక్కడూ మిగిలాడు. సెలవు రోజున ఒడ్డుకు పోతాడు, కైట్ మడత విప్పకుండానే తిరిగొస్తాడు.

"మాకు గుంపుందక్కా."

"అదృష్టవంతుడివి. ఒంటరిగాళ్లకు నేనమ్మను. ఎవరూ లేరని తామే లేపుకోబోతారు, అది ఈడ్చుకెళ్లి రాళ్లకేసి కొడుతుంది. నా మోకాలు పోయింది అలాగే."

డబ్బిచ్చి, బోర్డు చంకన పెట్టుకుని దిగాడు. రెండో అంతస్తులో ఎవరింట్లోనో పదిమంది నవ్వుతున్నారు. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. మళ్లీ ఎక్కి తలుపు కొట్టాడు.

"గుంపూ లేదు, గాడిదగుడ్డూ లేదక్కా. అబద్ధమాడాను. నేనొక్కణ్ణే."

ఆవిడ డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టింది. "బోర్డు లోపల పెట్టు."

పెట్టాడు. డబ్బు ముట్టుకోలేదు, కదల్లేదు.

"మీరు పట్టుకోండి."

"నీళ్ల మొహం చూసి ఏడాదిన్నర అయింది. ఈ కాలితో నేనేం పట్టుకుంటాను?"

"పట్టుకునేది చేత్తో కదక్కా."

ఆవిడ కొట్టేలా చూసింది. తర్వాత అతను గోడకు ఆనించిన బోర్డును చూసింది.

"అది ఇక్కడే ఉంటుంది. ఆదివారం నన్ను మెట్లు దింపి ఒడ్డుకు తీసుకెళ్లేటప్పుడు దాన్నీ మోసుకెళ్లు. నేను మెట్టుకో నిమిషం తీసుకుంటాను. తొందరపెట్టావంటే సగంలోంచే తిరిగొస్తా."

అతను తలూపి, ఉత్త చేతులతో దిగాడు. ఆదివారానికి ఇంకా ఐదు రోజులు.