ఎడమదిక్కు లక్ష్మణ్

శుక్రారం బహ్రెయిన్ల, సల్మాబాద్ క్యాంపుల బస్సులు కదలయి. తీగెల మీద ప్యాంట్లు, బనీన్లు ఆరుతుంటయి. ఒకడు గడ్డం గీసుకుంటడు, ఒకడు ఇంటికి ఫోన్ చేస్తడు, ఒకడు ఏం పనిలేక గోడకు ఆనుకొని కూసుంటడు. వంటోడు లింగన్నకు మాత్రం శుక్రారమైనా డ్యూటీనే. నూటనలభై మందికి అన్నం, పప్పు, ఆ ఒక్క పూట కోడికూర. అంత ఒండినంక పదమూడు పల్లాలు పక్కకు దీసి మూత పెడ్తడు. అవి టీమోళ్ళయి. ఆళ్ళు ఆట ముందట తినరు, అయినంక తింటరు.

ఆ టీము ముచ్చట ఎట్లయిందంటే, పోరగాళ్ళు క్యాంపు ఎనుక జాగల కబడ్డి ఆడుతుంటే కంపెనీ సేఫ్టీ సారు సూసిండు. తెల్లాయన, న్యూజిలాండో ఏదో ఆ దిక్కు. "మీ పట్టు మంచిగుంది, రగ్బీ లీగు ఆడుండ్రి" అని ఒచ్చీరాని హిందీల చెప్పి, కోడిగుడ్డు లెక్క ఉండే పొడుగు బంతి ఒకటి తెచ్చిచ్చిండు. బంతి పట్టుకొని ముంగటికి ఉరకాలె. పక్కోనికి ఇయ్యాల్నంటే మాత్రం ఎనుకకే ఇసరాలె. ఆరుసార్లు పట్టువడితే బంతి అవతలోళ్ళదయితది. దిక్కుకు పదమూడు మంది. గంతే ఆట.

మొదటి దినం మనోళ్ళు ఇజ్జత్ తీసిండ్రు. లక్ష్మణ్ ఉరికిపోయి బంతి ఉన్నోన్ని ముట్టిండు. ముట్టంగనే ఎనుకకు తిరిగి మన దిక్కు ఉరికొచ్చిండు. ఆన్ని సూసి ఇంకిద్దరు ఉరికొచ్చిండ్రు. బంతి ఉన్నోనికి అడ్డమే లేదు, నడుసుకుంట పోయి గీత దాటిండు.

కెప్టెన్ సామ్యూల్ తల పట్టుకున్నడు. ఆయన అమలాపురం దిక్కు వెల్డరు.

"ముట్టుకుని వచ్చేస్తావేంటిరా? వాణ్ణి పడెయ్యాలి."

"ముట్టినంక అవుటే గదనే. ఆడు ఇంకా ఎందుకు ఉరికిండో ఆన్నే అడుగు" అన్నడు లక్ష్మణ్.

లక్ష్మణ్ అంటే లింగన్నకు సొంత అక్క కొడుకు, మళ్ళ అల్లుడు. తన బిడ్డ జమునను ఇచ్చిండు. వీసా తీపిచ్చి బహ్రెయిన్‌కు తోలుకొచ్చింది గూడ లింగన్ననే. "నా ఎంట ఉంటే కడుపునిండ తింటడు బిడ్డా" అని చెప్పి తెచ్చిండు.

రెండు నెలలల్ల ఆట చేతికొచ్చింది. లక్ష్మణ్ ఎడమదిక్కు అంచుకు నిలవడెటోడు. ఎవ్వడు పట్టువడ్డా సూడకుంటనే బంతి ఎడమకు ఇసిరేది. అది పోయి ఆని సంకలనే పడేది. సిమెంటు మూటలు మోసిన ఒళ్ళాయె, తలకాయ వంచి ఉరికితే ఇగ నలుగురు ఏలాడినా ఆగకపోతుండె. తొమ్మిది టీములల్ల మనోళ్ళే మొదలున్నరు. జుఫైర్ హోటల్లల్ల కసరత్తు నేర్పెటోళ్ళ టీము ఒక్కటి ఎనుకనే ఒస్తుండె. కప్పు మాత్రం సల్మాబాద్‌కే అని క్యాంపంత ఖాయం చేసుకున్నది.

మార్చి ఆఖర్ల, ఒక ఆదివారం, మామీర్ దిక్కు ట్యాంకు పని మీద ఉండంగ లక్ష్మణ్ నీళ్ళ డబ్బ మూత తిప్పుకుంటనే కూలవడ్డడు. గుండె ఆగిందన్నరు. ముప్పైరెండేండ్లోడు. క్యాంపుకు కబురొచ్చేటాలకు లింగన్న బియ్యం కడుగుతున్నడు. చెప్పింది ఇన్నడు. మూడు నీళ్ళు కడిగిండు, ఎసట్ల పోసిండు, మూత పెట్టిండు. గప్పుడు ఎనుకకు తిరిగి, "ఏ లక్ష్మణ్?" అని అడిగిండు. క్యాంపుల ముగ్గురు లక్ష్మణ్‌లున్నరు.

వారం తిరగకముందే ఆట ఉండె. పన్నెండుమందే ఇసుక మీద నిలవడ్డరు. పదమూడో అంగి సామ్యూల్ చేతిలనే ఉన్నది. ఈల ఊదే యాళ్ళకు గేటు దిక్కెల్లి లక్ష్మణ్ ఒచ్చిండు. ముక్కులల్ల దూది ఉంటే తీసి జేబుల పెట్టుకున్నడు. బొటనేలికి నెంబరు చీటి కట్టి ఉండె, దాన్ని మేజోటిలోపటికి దోపుకున్నడు.

"ఇంత లేటేంటిరా?" అన్నడు సామ్యూల్.

"దవాఖానల తలుపు తీసెటోడు నమాజుకు పోయిండే. ఒచ్చిందాంక ఆగిన."

"సర్లే, చొక్కా తొడుక్కో."

ఈలాయన చేతుల పేర్ల కాయితం సూసిండు. పేరుంది. ఊదిండు.

నడుమ ఇరాం ఇచ్చినప్పుడు లక్ష్మణ్ నీళ్ళ డబ్బ కాడికొచ్చి లింగన్న పక్కన కూసున్నడు.

"మంచిగున్నవా మామా?"

"ఉన్న అల్లుడా. ఏమన్న తింటవా?"

"ఆకలైతలేదు."

ఆ దినం గెల్చిండ్రు. ఆట అయినంక సేఫ్టీ సారే ఆన్ని కార్ల ఎక్కిచ్చుకొని దవాఖాన కాడ దింపొచ్చిండు. మళ్ళ శుక్రారం ఒచ్చిండు. మళ్ళ గెల్చిండ్రు.

ఎండలు ముదిరినయి. లక్ష్మణ్ ఒళ్ళు మాత్రం ఫ్రిజ్జుల పెట్టిన సొరకాయ లెక్క సల్లగుంటుండె. అవతలోళ్ళు ఆన్ని పట్టుకుంటే ఇడువకపోదురు. ఈల ఊదినంక గూడ మీదవడి అట్లనే పండుకుందురు. "భాయ్, ఛోడో, ఛోడో" అని మనోళ్ళు కాళ్ళు వట్టి గుంజేది. ఇరాం ఇచ్చినప్పుడు మనోళ్ళే వంతులేసుకొని ఆని ఈపుకు ఆనుకుందురు. సామ్యూల్ అయితే చెంప తీస్కపోయి ఆని భుజానికి పెట్టేది.

"రూములో ఏసీ కన్నా నువ్వే నయంరా."

"ఏసీ కరాబైతే మెకానిక్ ఒస్తడు. నేను కరాబైతే ఎవరొస్తరే?" అని లక్ష్మణ్ అంటే అందరు నవ్విండ్రు. లింగన్న గూడ నవ్విండు.

రెండో శుక్రారం అయినంక మంగళవారం నాడు కంపెనీ ఆఫీసోడు లింగన్నను పిలిచి కాయితం ఒకటి చేతుల పెట్టిండు. "నువ్వు సుట్టానివి గదా, దీని మీద వేలిముద్ర ఎయ్యి. ఏసి తెచ్చిస్తే వారంల పెట్టె ఇమానం ఎక్కుతది" అని చెప్పిండు. సిరా డబ్బ ఆడనే బల్ల మీద మూత తీసే ఉన్నది.

లింగన్న సదువుకోలె. సంతకం రాదు. బొటనేలు లేపిండు, మళ్ళ దించిండు.

"అన్నం పొయ్యి మీదుంది సారూ, రేపు తెస్త" అన్నడు.

పొయ్యి మీద ఏం లేదు. కాయితం తెచ్చి మడతవెట్టి, పసుపు అయిపోయిన డబ్బల ఏసి, బియ్యం బస్తాల సందుకు తోసిండు. ముద్ర ఏస్తే పెట్టె పోతది. పెట్టె పోతే శుక్రారం ఆడు రాడు. లింగన్నకు గంత మట్టుకు సాఫ్‌గ తెలుసు. ఆఫీసోనికి ఎన్నో పనులు, ఆడు మళ్ళ అడగలె. క్యాంపోళ్ళేమో, పనికి పెట్టుకున్న అరబ్బు కఫీల్ సతాయిస్తున్నడని, ఎంబసీల ఎవ్వడు పట్టించుకుంటలేడని తిట్టిండ్రు. ఆళ్ళ తిట్లు ఇనుకుంట లింగన్న ఉల్లిగడ్డలు తరిగిండు.

దినాం పొద్దుమీకి జమున ఫోన్ చేసేది.

"బాపూ, ఏమన్నరు?"

"ఇంకో ముద్ర పడాల్నట బిడ్డా."

"ఎన్ని ముద్రలు బాపూ?"

"అది ఆళ్ళ కానూను."

"ఇంట్ల పొయ్యి ముట్టిస్తలేం. సుట్టాలు ఒండుకొచ్చి పెడ్తున్నరు. నెల దాటింది, ఆళ్ళ మొకాలు సూస్తే నాకే సిగ్గయితాంది." "నిన్న పెద్దమ్మ అడిగింది, గాజులు తీస్తవా ఉంచుకుంటవా అని. నేనేం చెప్పాలె బాపూ?"

"రేపు అడుగుత బిడ్డా" అని లింగన్న పెట్టేసిండు. మళ్ళ తెల్లారి అదే మాట. పెట్టేసినంక పోయి బస్తాల సందుకు చెయ్యివెట్టి డబ్బ ఉన్నదా అని తడిమి సూసుకునేది. గురువారం వరకు మనసు కొట్టుకునేది. శుక్రారం అల్లుడు గేటు కాడ కనవడంగనే అంత మరిసిపోయేది.

ఆరో శుక్రారం సెమీఫైనలు. గెల్చిండ్రు. పోరగాళ్ళు సామ్యూల్‌ను ఎత్తుకొని ఇసుక మీద తిరుగుతున్నరు. ఎండ ఇంకా సురసుర కాలుతాంది. లక్ష్మణ్ ఒక్కడే ఒచ్చి లింగన్న పక్కకు మోకాళ్ళు దగ్గరికి ముడుసుకొని కూసున్నడు.

"మామా, దుప్పటి ఉందా?"

"దుప్పటెందుకురా గీ ఎండల?"

"సలి పెడ్తాంది."

లింగన్న ఆని మొకం దిక్కు సూసిండు. పెదిమెలు వణుకుతున్నయి. నీళ్ళ డబ్బల మీద కప్పిన కంబలి తీసి ఆనికి సుట్టిండు. సుట్టినంత సేపు పట్టలె, కంబలి అట్టముక్క లెక్క గట్టివడ్డది.

"ఎప్పటి సందిరా ఈ సలి?"

"మొదటి దినం సందే మామా. ఆడ దవాఖానల సల్లటి సొరుగుల ఏస్తరు గదా. మీరు ఆనుకొని కూసుంటే జర నయమనిపిస్తది. మీరు లేస్తే మళ్ళ అంతే."

"మరి చెప్పవేందిరా?"

"గెలుస్తున్నం గదా అని." లక్ష్మణ్ చేతులు సంకలల్ల పెట్టుకున్నడు. "నన్ను ఇంటికి ఎన్నడు పంపుతరట మామా? నీకేమన్న చెప్పిండ్రా?"

ఆరు వారాల సంది అందరు ఆ ఒంటిని ఆనుకొని హాయిగున్నరు. అవతలోళ్ళు, ఇవతలోళ్ళు, తను. ఆ ఒంటికి ఎట్లుందో అని ఒక్కడు అడగలె. కన్నతండ్రి అసొంటి మేనమామ, పిల్లనిచ్చినోడు, తనే అడగలె.

"అయితది అల్లుడా" అన్నడు.

ఆ పొద్దే వంటింట్లకు పోయి డబ్బ తీసిండు. ఆడ సిరా లేదు. పెనం అడుగు మసి బొటనేలికి రాసుకొని కాయితం మీద ఒత్తిండు. తెల్లారి ఆఫీసుల ఇచ్చిండు. ఆఫీసోడు ముద్ర సూసి, "ఇన్నొద్దులు ఏం చేసినవ్?" అని గూడ అనలె. గురువారం పొద్దుమీకి ఇమానం అన్నడు, ఖలాస్.

సామ్యూల్‌కు తెలిసి ఉరికొచ్చిండు.

"బాబాయ్, శుక్రవారం ఫైనలు. ఒక్కరోజు ఆగి శనివారం పంపుదాం. ఇన్నాళ్ళు ఆగలేదా?"

"ఆనికి సలి పెడ్తాందట సామ్యూలూ."

"ఎవడికి?"

సామ్యూల్ చెయ్యి పోయి తన చెంపను ముట్టుకున్నది. బియ్యం బస్తా మీద కూసున్నడు.

శుక్రారం ఫైనలు. జుఫైర్ దిక్కు పచ్చగడ్డి మైదానం, నాలుగు గంటలకు. పదమూడో అంగి తొడుగుమంటే ఎవ్వడు ముంగటికి రాలె. పన్నెండుమందే దిగిండ్రు. గేటు దిక్కు ఎవ్వరు సూడలె. ఆడు రాడని అందరికి తెలుసు.

ఆట మొదలైంది. మొదటోడు పట్టువడ్డడు, సూడకుంటనే బంతి ఎడమకు ఇసిరిండు. బంతి గడ్డి మీద పడి దొర్లింది. జుఫైరోడు ఎత్తుకొని గీత దాటిండు. రెండోడు పట్టువడ్డడు, ఎడమకే ఇసిరిండు. సేఫ్టీ సారు అంచుకు నిలవడి "రైట్, రైట్" అని గొంతు పోయేటట్టు ఒర్లిండు. మనోళ్ళు తలకాయలు ఊపిండ్రు, మళ్ళ ఎడమకే ఇసిరిండ్రు. లింగన్న ఎంచిండు. పదకొండుసార్లు. ఆఖరుసారి ఇసిరింది సామ్యూలే.

ముప్పై, ఎనిమిది. ఓడిపోయిండ్రు.

బస్సుల సామ్యూల్ కిటికీ దిక్కు సూసుకుంటనే అన్నడు, "వాడు లేడని తెలుసు బాబాయ్. చెయ్యి ఆగలేదు."

క్యాంపుల తలా ఒకటి చెప్పుకున్నరు. గడ్డి మీద కాలు జారింది అన్నడొకడు. ఈలాయన అవతలోళ్ళ మనిషి అన్నడొకడు. అట్ల గెల్చుకుంట గెల్చుకుంట ఒచ్చిన టీము గంత గలీజ్‌గ ఎట్ల ఓడిందని క్యాంపంత నోరెళ్ళబెట్టింది.

లింగన్న మూతవెట్టిన పల్లాలు ఒక్కొక్కటే ముంగట పెడ్తుంటే ఫోన్ మోగింది. జమున.

"అయిపోయింది బాపూ. పొద్దుగూకకముందే అయిపోయింది." గొంతు ఏడ్చి ఏడ్చి గరుకువడ్డది. "పెట్టె తెరవొద్దన్నరు అందరు. ఇన్నొద్దులైంది, మొకం సూడలేవు అన్నరు. నేనే కొట్లాడి తెరిపిచ్చిన."

"తెరిపిచ్చినవా?"

"మొకం మంచిగుంది బాపూ. ఎండల తిరిగొచ్చినోని లెక్క నల్లవడ్డది. తానం పోపిచ్చేటప్పుడు సూసిన, మోకాలు చెక్కుకపోయింది. పచ్చిగనే ఉంది. అండ్ల ఇసుక ఉంది." "ఆ దెబ్బ ఎప్పటిది?"

లింగన్న చేతిల గంటె ఉండె. దాన్ని కూర గిన్నెల పెట్టిండు.

"పోయిన శుక్రారంది బిడ్డా. ఆటల."

"ఆడిండా?"

"ఆడిండు."

"గెల్చిండా?"

"గెల్చిండు."

"ప్రతి శుక్రారం ఒచ్చెటోడా?"

"ఒచ్చెటోడు."

జమున ఏడుస్తలేదు. "బాపూ, సర్పంచి కొడుకు ఇయ్యాల కంపెనీకి ఫోన్ చేసిండు, పెట్టె ముట్టిందని చెప్పెటందుకు. ఆళ్ళు కాయితం ఎన్నడో నీకు ఇచ్చినమన్నరట. అబద్ధమాడుతున్నరు అనుకున్న. ఎన్నొద్దులు నీ దగ్గరుండె?"

అబద్ధం చెప్పెటందుకు లింగన్నకు జాగ ఉండె. ఆళ్ళదే తప్పు అంటే నమ్ముతది. నోరు తెరిస్తే మాత్రం ఒక్కటే ఒచ్చింది.

"ఇరవై నాలుగొద్దులు."

ఆ దిక్కు ఎవరో ఆమెను పిలుస్తున్నరు. జమున పోలె.

"నువ్వు వారం వారం సూసుకున్నవ్" అన్నది. "నేను ఒక్క గంట సూసిన."

"బిడ్డా, నా మాట..."

"నువ్వు ఆడనే ఉండు బాపూ."

పెట్టేసింది.

ఆ సందేల పన్నెండు పల్లాలు అట్లనే తిరిగొచ్చినయి. ఆనాటి సంది కంపెనీ రెండుసార్లు ఇంటికి టికెటు ఇచ్చింది. రెండుసార్లు లింగన్న ఆఫీసుకు పోయి, ఒద్దని రాసిన కాయితం మీద వేలిముద్ర ఏసొచ్చిండు.